రైళ్లను కాపాడు ప్రోగ్రాములు

చిక్కడపల్లిలో మెట్రో రైలెక్కి నారాయణగూడలో దిగువారెందరో కలరు. 2020 ఫిబ్రవరి 7న ప్రారంభమైన ఆ మార్గమున, ముందు పోవు రైలునకు వెనుక రైలు ఎంత దూరమున ఉండవలెనో నిర్ణయించునవి కంప్యూటర్లే. దక్షిణ మధ్య రైల్వేలో తొలుత పరీక్షింపబడిన 'కవచ్' కూడ ఇట్టిదే. 2022 మార్చి 4న వికారాబాదు సమీపమున గుల్లగూడ, చిట్టిగిద్ద స్టేషనుల నడుమ ఎదుట మరియొక ఇంజను ఉండగా, కవచ్ తన ఇంజనును 380 మీటర్ల దూరముననే ఆపివేసినది.

ఒకసారి ఆపినది, సరే. ఎల్లప్పుడును ఆపునని నమ్ముట యెట్లు? కవచ్‌కు విధించిన నాలుగవ భద్రతాస్థాయి అన్నిటికంటె కఠినమైనది. దాని ప్రకారము ప్రమాదకరమైన లోపము పది కోట్ల గంటలకు ఒకటికి మించరాదు. అనగా సుమారు 11,400 సంవత్సరములు! నూరు యంత్రములను ఒకేసారి నడిపి చూచినను 114 ఏండ్లు పట్టును. పరీక్షలతోనే ఇది తేలునది కాదు.

ఇనుప భాగము అరిగి చెడును. తోడుగా మరియొకటి ఉంచినచో రెండును ఒక్కసారే చెడుట అరుదు. ప్రోగ్రాము అరుగదు. అందలి తప్పు పుట్టుకతో వచ్చినది. నకలు తీసిన, నకలులోను అదే తప్పు. వేర్వేరు మనుషులచేత వ్రాయించిననో? అమెరికా కంప్యూటరు శాస్త్రజ్ఞులు జాన్ నైట్, నాన్సీ లెవెసన్ ఈ సంగతినే పరీక్షించి 1986లో ప్రకటించిరి. ఒకే సమస్యకు విడివిడిగా వ్రాయబడిన 27 ప్రోగ్రాములను ఒక్కొక్కదానిని పది లక్షల మార్లు నడిపిరి. ఆరింటిలో ఒక్క తప్పును కనబడలేదు. కాని వేయికి పైగా సందర్భములలో ఒకటికి మించిన ప్రోగ్రాములు కలిసియే తప్పినవి. ఉపాధ్యాయులకిది వింత కాదు. అశోక్‌నగరు శిక్షణ కేంద్రములలో వేర్వేరు గదులలో కూర్చుండి వ్రాసినను, చిక్కులెక్కలో విద్యార్థులు ఒకే మలుపున జారుదురు గదా!

మరియొక మార్గము రేఖాగణితమున మనమెరిగినదే. త్రిభుజ కోణముల మొత్తము 180 డిగ్రీలని వేయి త్రిభుజములను కొలిచి చెప్పము, నిరూపింతుము. పారిస్‌లో 1998లో ప్రారంభమైన 14వ మెట్రో మార్గమున రైళ్లకు డ్రైవరు లేడు. ఒక రైలున్న భాగములోనికి మరియొకదానిని పంపరాదు వంటి నియమములను గణితభాషలో వ్రాసి, ప్రోగ్రాము వానిని ఎన్నడును మీరదని, 27 వేలకు పైగా చిన్న ప్రతిజ్ఞలుగా విడదీసి నిరూపించిరి. ఇది ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అబ్రియల్ రూపొందించిన 'బి' పద్ధతి.

అయినను నిరూపణ వర్తించునది వ్రాసిన నియమములకే. చక్రము ఎన్ని మార్లు తిరిగెనో లెక్కించి రైలు పోయిన దూరమును కట్టుదురు. వానలో చక్రము జారునన్న మాట నియమములలో లేకున్నచో, నిరూపణ నిర్దుష్టముగనే ఉండును, రైలు మాత్రము లెక్కకు వచ్చిన చోట ఉండదు. కవచ్ మార్గములలో పట్టాల నడుమ రేడియో గుర్తుబిళ్లలను అమర్చిరి. వాని మీదుగా పోవునపుడెల్ల ఇంజను తానున్న చోటును సరిచూచుకొనును.