చెరువు గట్టున పసిబిడ్డలకు రక్షణ

నాగాయలంక చుట్టుప్రక్కల అనేక గ్రామములలో భూగర్భజలము ఉప్పగా నుండుటచే, కాలువలు కట్టివేయుటకు పూర్వమే మంచినీటి చెరువులు నింపుకొనుట పరిపాటి. ఇటీవలి దశాబ్దములలో చేపల చెరువులు, రొయ్యల చెరువులు కూడ ఇండ్ల దాపునకు వచ్చినవి. నీటి విలువను దివిసీమ వారికి మేము చెప్పనక్కరలేదు. చెప్పదలచినది ఆ నీటి ప్రక్కన ఆడుకొను పసిబిడ్డల సంగతి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 2021వ సంవత్సరములో ప్రపంచమందు సుమారు 3 లక్షలమంది నీట మునిగి మరణించిరి. వారిలో ఇంచుమించు నాల్గవ వంతు అయిదేండ్ల లోపు పిల్లలు. పసివాడు మునుగునపుడు సాధారణముగా కేక వేయలేడు. వంట యింటిలోనున్న తల్లికి చప్పుడైనను వినరాదు. కావున బిడ్డను కనిపెట్టి యుండుమని ఆమెకు చెప్పి ఊరకొనుట చాలదు. అడ్డు కావలయును.

అడ్డు ఎట్టిది? ఆస్ట్రేలియాలో ఇంటి ఈతకొలనుకు సైతము కంచె చట్టరీత్యా తప్పనిసరి. దాని ఎత్తు 1.2 మీటర్లు, అనగా సుమారు 4 అడుగులు. తలుపు వదలినంతనే తనంత తాను మూసికొనవలెను. అమెరికాలో పెక్కుచోట్ల నేలపై నిలుపు తొట్టి కొలనులకు గోడయే అడ్డుగా పనిచేయును; అయితే ఎక్కు నిచ్చెనను తీసివేయవలెను, లేదా అందకుండ మూసియుంచవలెను. మన బావులకును ఇదే సూత్రము. వర ఎంత ఎత్తున నున్నను, దాని చెంత బట్టలుతుకు రాయి వేసినచో అది పిల్లవానికి మెట్టగును. కంచెకు కట్టెలమోపు ఆనించుటయు అట్టిదే. మూడు ప్రక్కల దడి కట్టి, నాల్గవ ప్రక్క ఇంటి గుమ్మము వైపు వదలివేయువారును కలరు. పిల్లవాడు వచ్చునది ఆ వైపునుండియే గదా!

1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము ప్రకారము బావులు, చెరువులు బాగుచేయించుట, పాడుపడిన బావులను, గుంటలను పూడ్పించుట గ్రామ పంచాయతీ విధులలోనివి. పంచాయతీ ఆదాయము పరిమితమని మేమెరుగుదుము. అంగన్‌వాడీ, పాఠశాలల దాపుననున్న చెరువులతో ఆరంభింపవచ్చును. మొదట వెదురు దడి యైనను మేలే.

ప్రతి గట్టున పొడవైన గడ, త్రాడు ఉంచుటకు పెద్ద వ్యయము లేదు. ఈత రానివారు నీటిలోనికి దుమికినచో రెండు ప్రాణములకు ముప్పు. గడ అందించుట, త్రాడు విసరుట మంచిది. వెలికి తీసిన బిడ్డను కాళ్లు పట్టి గిరగిర త్రిప్పుట, పొట్ట నొక్కుట కూడదు. ఊపిరి లేనిచో వెంటనే నోటితో ఊపిరి ఊదుచు, రొమ్ము నడుమ నొక్కుచుండవలెను. ప్రక్కవారు 108కు ఫోను చేయవలెను. ఈ పద్ధతి చదివి నేర్చునది కాదు, చూచి నేర్చునది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రము సిబ్బందిని గ్రామసభకు పిలిపించి చేసి చూపింపుమని కోరవచ్చును. సభ తేదీ నిర్ణయించిన నాడే వారికి కబురు పంపుడు.