ఐపీఎల్ ఫైనల్ ఎక్కడ? రైలు టికెట్ కొనేముందు...

ఐపీఎల్ వచ్చిందంటే సూరత్ దగ్గరి హజీరా ఫ్యాక్టరీల్లో మన తెలుగువాళ్ల ఫోన్లలో ఒక మాట తిరుగుతుంది: ‘నిరుటి విజేత సొంత మైదానంలోనే ఫైనల్. అది రూలు.’ దీన్ని నమ్మి సెలవు పెట్టి, రైలుకీ హోటల్‌కీ ముందే డబ్బు కట్టి, తర్వాత తల పట్టుకునేవాళ్లు ఉన్నారు.

అది రూలు కాదు, ఆనవాయితీ. అదీ కుదిరితేనే. 2013లో ముంబయి గెలిచింది. 2014 ఫైనల్ బెంగళూరుకు పోయింది. 2015లో మళ్లీ ముంబయే గెలిచింది; మరుసటి ఏడాది మహారాష్ట్రలో కరవు, ఏప్రిల్ 30 తర్వాత అక్కడ మ్యాచ్‌లు వద్దని బాంబే హైకోర్టు ఆదేశం. 2016 ఫైనల్ కూడా బెంగళూరుకే. 2019లో చెన్నైలో జరగాల్సింది, అక్కడి చేపాక్ స్టేడియంలో మూడు స్టాండ్లకు అనుమతి రాక హైదరాబాద్ ఉప్పల్‌కు వచ్చింది. (అప్పుడు మనమెవరమూ అన్యాయమని అరవలేదు లెండి.) 2025లో మే 25న కోల్‌కతాలో అనుకున్నది, సరిహద్దు ఉద్రిక్తతలతో టోర్నీ ఆగి మళ్లీ మొదలయ్యాక, వాతావరణం పేరు చెప్పి జూన్ 3న అహ్మదాబాద్‌లో పెట్టారు. వాన భయంతో అక్కడికి మార్చారా, జూన్ 1న అక్కడ జరిగిన రెండో క్వాలిఫయర్ ఆ వాన వల్లే రెండు గంటలకు పైగా ఆలస్యమైంది! నీళ్ల కొరత, కోర్టు, స్టాండ్లు, సరిహద్దు: ఇన్నిటికి లొంగేదాన్ని రూలు అనడానికి నోరెలా వస్తుంది?

‘వంతులవారీగా ఊళ్లు తిరుగుతుంది’ అన్నదీ వట్టిదే. అలాంటి జాబితా ఏదీ లేదు. ఉంటే మంచిదే. యూరప్ ఫుట్‌బాల్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ వేదికను చాలా ముందుగా ప్రకటిస్తారు, ఎవరు గెలిచారన్నదానితో పనిలేకుండా. మన క్రికెట్ బోర్డూ ఏడాది ముందే వేదికను, దానికి తోడు ప్రత్యామ్నాయాన్ని చెప్పేస్తే పోయేదేముంది?

సొంత మైదానంలో ఆడితే కప్పు ఖాయమా? 2012లో చెన్నైని, 2016లో బెంగళూరును, 2023లో గుజరాత్‌ను అడగండి. మరి మనముండే సూరత్‌కు ఫైనల్ వస్తుందా? 2022లో చెన్నై జట్టు ఇక్కడి లాలభాయ్ కాంట్రాక్టర్ స్టేడియంలో ప్రాక్టీసు చేసి వెళ్లింది, అంతే.

‘తిప్పి తిప్పి అహ్మదాబాద్‌కే ఇస్తారు’ అన్న మాటను మాత్రం పూర్తిగా కొట్టిపారేయలేను. 2022, 2023, 2025 ఫైనళ్లు అక్కడే. 2023ది విజేత సొంతూరు లెక్కన న్యాయంగా వచ్చిందే. మిగతా రెండింటికి అక్కడి స్టేడియంలోని లక్షా 32 వేల సీట్లు ఒక కారణం కావచ్చు; అదొక్కటే కారణమని నమ్మమంటే మాత్రం కష్టం.

కాబట్టి వేదికపై బోర్డు ప్రకటన వచ్చేదాకా డబ్బు కట్టకండి. కట్టినా, రద్దు చేసుకుంటే ఎంత తిరిగొస్తుందో చూసుకోండి. సెలవు ఒక్క రోజుకు పెట్టకండి: 2023లో మే 28న జరగాల్సిన ఫైనల్ వానకు మర్నాటికి పడి, 30వ తేదీ తెల్లవారుజామున ముగిసింది. జడేజా చివరి రెండు బంతులకు సిక్స్, ఫోర్ కొట్టిన ఆ మ్యాచ్‌ను, ఉదయం షిఫ్టుకని ముందే సూరత్ రైలెక్కినవాళ్లు ఫోన్‌లోనే చూడాల్సి వచ్చింది.