చలికాలపు సైకిలు ప్రయాణము: కాళ్లకు తగిన దుస్తులు

మోటారు వాహనములు ఎంత హెచ్చినను మన గ్రామములందు సైకిలు అవసరము తీరిపోలేదు. కేంద్రమునకు పాలు పోయబోవు రైతు, పత్రికలు పంచు కుర్రవాడు, ఉన్నత పాఠశాలకు పోవు బాలిక, వీధులు ఊడ్చుటకై తెల్లవారకముందే ఇల్లు విడుచు పంచాయతీ కార్మికుడు, వీరిలో అనేకులు నేటికిని సైకిలునే నమ్ముకొనియున్నారు. చలికాలము రాగానే వీరు తలకు మంకీ టోపీయో తువ్వాలో చుట్టుకొందురు. ఒంటికి స్వెట్టరు తొడుగుకొందురు. కాళ్లను గూర్చి మాత్రము తలచువారు అరుదు. అయితే సైకిలును నడుపునవి కాళ్లే. అవి బిగుసుకొనిపోయినప్పుడు తొక్కుట కష్టమగుటయే గాక, అవసర సమయమున కాలు దించి నిలదొక్కుకొనుటయు ఆలస్యమగును. ఆ ఆలస్యము ఒక్క క్షణమే యైనను, వెనుక లారీ వచ్చుచున్నప్పుడు ఆ క్షణమే ప్రాణమునకు ముప్పు తేగలదు.

మన పడమటి సీమ చలి

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములు సముద్రమట్టమునకు రెండువేల అడుగులు, అంతకు మించిన ఎత్తున నున్న పీఠభూమి. మదనపల్లెకు సమీపముననున్న హార్స్‌లీ కొండ ఎత్తు నాలుగువేల అడుగులకు మించినది. వెనుకటి కాలమున కడప కలెక్టరుగా నుండిన హార్స్‌లీ దొర వేసవి విడిదికై దానిని ఎన్నుకొనుట చేతనే దానికా పేరు వచ్చినది. మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరమున 1915లో క్షయ వైద్యశాల వెలయుటకు ఇచ్చటి చల్లని పొడిగాలియు ఒక కారణము. వేసవిలో మనకు మేలు చేయు ఈ ఎత్తే చలికాలమున పరీక్ష పెట్టును. డిసెంబరు, జనవరి మాసములలో తెల్లవారుజామున ఉష్ణోగ్రత 15 డిగ్రీలకును, కొన్ని దినములందు అంతకన్న తక్కువకును దిగుట ఈ సీమవారికి వింత కాదు. మాఘమాసమున మ్రాకులు సైతము వణకునని మన పెద్దల సామెత.

ఇచ్చటి పనుల తీరును గమనింపవలెను. మదనపల్లె టమాటా మార్కెట్టునకు పోవువారు, కుప్పము స్టేషనులో బెంగుళూరు వైపు పోవు రైలును అందుకొనవలసినవారు వేకువనే బయలుదేరవలెను. పట్టుపురుగులు పెంచు రైతు మల్బరీ ఆకును చల్లని వేళనే కోయవలెను. మంచుతో తడిసిన తోటలో ఆకు కోసి, తడిసిన పంచెతోనే సైకిలు నెక్కి వచ్చు రైతునకు కలుగు చలి, ఇంటి అరుగుపై కూర్చున్నవానికి తెలియు చలి వంటిది కాదు. ఈ భేదమునకు కారణము గాలియు, తడియు.

గాలి, తడి చేయు పని

మన శరీరమును ఆనుకొని వెచ్చని గాలిపొర యొకటి ఎల్లప్పుడు ఉండును. కదలక కూర్చున్నవానికి ఆ పొర కొంతవరకు నిలిచియుండును. సైకిలు తొక్కువానికి ఎదురుగాలి ఆ పొరను ఎప్పటికప్పుడు తుడిచివేయును. అందుచేత ఊరిలో గాలి లేకున్నను సైకిలుపై నున్నవానికి గాలి యుండును. దీనిని లెక్కించు సూత్రమును వాతావరణ శాస్త్రజ్ఞులు ఏర్పరచియున్నారు. దాని ప్రకారము ఉష్ణోగ్రత 10 డిగ్రీలుండగా గంటకు 15 కిలోమీటర్ల వేగమున పోవువాని చర్మమునకు తోచు చలి సుమారు 8 డిగ్రీల చలితో సమానము. దిగుడు బాటలో వేగము 30 కిలోమీటర్లకు పెరిగినచో అది ఆరున్నర డిగ్రీలకు దిగును. ఇది కప్పుకొనని చర్మమును గూర్చి వేసిన ఉజ్జాయింపు లెక్క.

మన సీమ బాటలు సమతలములు కావు. ఎక్కుడును దిగుడును ఒకదాని వెంట నొకటి వచ్చును. కండరములు ఖర్చు చేయు శక్తిలో సుమారు నాలుగవ వంతు మాత్రమే సైకిలును నడుపుటకు వినియోగపడి, తక్కినదంతయు వేడిగా మారును. కావుననే మిట్ట ఎక్కునప్పుడు చలిలోను చెమట పట్టును. మిట్ట దిగునప్పుడు తొక్కుట ఆగును. వేడి పుట్టుట తగ్గును. గాలి మాత్రము ఇనుమడించును. ఎక్కునప్పుడు పట్టిన చెమటతో తడిసిన గుడ్డ దిగునప్పుడు మంచుగడ్డ వలె కాళ్లకు అంటుకొనును. నీరు గాలి కంటె సుమారు ఇరువదియైదు రెట్లు వేగముగా వేడిని హరించును. ఈ ఒక్క విషయమును గుర్తుంచుకొన్నచో, ఏ గుడ్డ మేలో తెలిసికొనుట సులభమగును.

ఏ గుడ్డ మేలు?

గుడ్డ వేడిని పుట్టింపదు. తన పోగుల నడుమ గాలిని కదలనీయక నిలిపి, శరీరపు వేడిని కాపాడును. కనుక చలిబట్టకు మూడు గుణములుండవలెను: లోన గాలిని నిలుపవలెను, తడిని చర్మముపై నిలువనీయరాదు, బయటి గాలిని అడ్డగింపవలెను. ఈ మూడును ఒక్క గుడ్డయందే దొరకుట అరుదు. అందుచేత లావుపాటి గుడ్డ ఒకటి తొడుగుటకంటె పలుచని గుడ్డలు రెండు ఒకదానిపై నొకటి తొడుగుట మేలు. రెంటి నడుమ నిలిచిన గాలియే మూడవ గుడ్డ వలె పనిచేయును. ఎండ ఎక్కిన పిమ్మట ఒకటి విప్పి సంచిలో పెట్టుకొనవచ్చును.

నూలు గుడ్డ మన వేసవికి తగినది. చలిలో పొడిగా నున్నంతవరకు అదియు మంచిదే. కాని అది చెమటను, మంచును పీల్చి తడిసినచో త్వరగా ఆరదు. యువకులు ఇష్టపడు జీన్సు ప్యాంటు లావుపాటి నూలు గుడ్డయే. తడిసినప్పుడు అది మిక్కిలి బరువై, మోకాలి వద్ద వంగక, సీటుపై కుట్టు ఒరసి తొడలకు పుండు చేయును. తుంపరలు పడు దినములందు అది తగినది కాదు.

ఉన్ని అన్నింటికంటె శ్రేష్ఠము. తన బరువులో దాదాపు మూడవ వంతు తేమను పీల్చుకొన్నను తడి తెలియనీయకుండుట ఉన్నికి గల ప్రత్యేక గుణము. అది కొంత తడిసినను వెచ్చదనమును పూర్తిగా కోల్పోదు. ఉన్ని గరుకు సహింపనివారు లోపల పలుచని గుడ్డ వేసికొనవచ్చును.

పాలియెస్టరు వంటి కృత్రిమపు నూలుతో చేసిన ట్రాకు ప్యాంటులు, లెగ్గింగులు చవుకగా దొరకును. అవి నీటిని పీల్చుట అత్యల్పము గనుక త్వరగా ఆరును. పాఠశాల బాలబాలికలకును, దినదినము ఉతుకవలసిన కార్మికులకును ఇవి అనుకూలము. పలుచగా నున్నప్పుడు గాలిని ఆపలేవు. కనుక పైన మరియొక ప్యాంటు అవసరము.

ఎదురుగాలిని ఆపుటకు ఖరీదైన వస్తువులే కావలెనని లేదు. ఐరోపా సైకిలు పందెములలో కొండ శిఖరమునకు చేరిన పోటీదారులు దిగుటకు ముందు చొక్కా లోపల వార్తాపత్రికను మడిచి పెట్టుకొను అలవాటు చిరకాలముగా నున్నది. కాగితము వేడినీయదు, గాలిని ఆపును. ఆ సూత్రముననే మన పల్లెలలో శుభ్రముగా కడిగిన ప్లాస్టికు సంచిని కత్తిరించి, తొడల ముందు భాగమును మాత్రము కప్పునట్లు కుట్టించుకొనవచ్చును. కాలి చుట్టును ప్లాస్టికు చుట్టరాదు. చెమట ఆరు దారి లేక లోపలి గుడ్డ తడిసిపోవును.

మోకాలు, పిక్క, పాదము

తొడలయందు పెద్ద కండరములుండుటచే అవి తమ వేడిని తామే పుట్టించుకొనును. మోకాలిపై కండలేదు, పైగా అదియే గాలికి ఎదురుగా నుండును. సైకిలు పందెములకు సాధన చేయువారిలో పలువురు ఉష్ణోగ్రత 18 లేక 20 డిగ్రీలకు దిగగానే మోకాళ్లు కప్పుకొందురు. చలి తెలియకున్నను వారు ఈ నియమమును పాటింతురు. లుంగీయో పంచెయో పైకి ఎగగట్టి మోకాళ్లు బయటపెట్టి తొక్కు మన పాలవారు ఈ విషయమును ముఖ్యముగా గమనింపవలెను.

పాత స్వెట్టరు చేతులను కత్తిరించి అంచు కుట్టినచో మోకాలికి మంచి తొడుగు అగును. దానిని తొడ నడుమ నుండి పిక్క నడుమ వరకు వచ్చునట్లు తొడుగవలెను. పైన ఎలాస్టికు బిగువుగా నుండరాదు. గట్టిగా నొక్కినచో రక్తప్రసారము తగ్గి, పాదములు మరింత చల్లబడును. తీసినప్పుడు చర్మముపై లోతైన గాడి కనబడినచో అది మితిమీరిన బిగువని తెలిసికొనవలెను. మోకాలి నొప్పి విడువకుండ నున్నవారు తొడుగునే చికిత్సగా భావింపక వైద్యునికి చూపుకొనవలెను.

పూర్వము సైనికులును పోలీసు జవానులును చీలమండ నుండి మోకాలి వరకు ఉన్ని పట్టీలు చుట్టుకొనుచుండిరి. ఆ పద్ధతి నేటికిని పనికివచ్చును. కురబలు నేసిన పాత కంబళి నుండి నాలుగు అంగుళముల వెడల్పు పట్టీలు కత్తిరించి, క్రింది నుండి పైకి వదులుగా చుట్టినచో పిక్కలకు వెచ్చదనము కలుగుటయే గాక, ప్యాంటు అంచు గాలికి కొట్టుకొనకుండును. పాదములకు మేజోళ్లు అవసరము. చెప్పులతో తొక్కువారును మేజోళ్లు వేసికొనవచ్చును. బొటనవ్రేలు విడిగానున్న మేజోళ్లు అందుకే ఉన్నవి.

గొలుసును మరువరాదు

చలికై తొడిగిన వదులు దుస్తులు మరియొక అపాయమును తెచ్చిపెట్టగలవు. గొలుసు కుడివైపున నుండును. కుడికాలి ప్యాంటు అంచు, పైజమా కుచ్చు, పంచె కొంగు అందులో చిక్కినచో సైకిలు హఠాత్తుగా ఆగి మనిషి పడును. గొలుసుకు కప్పు ఉండవలెను. లేనిచో కుడికాలి అంచును క్లిప్పుతోనో గుడ్డపట్టీతోనో బంధింపవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట బడికొస్తా పథకము క్రింద తొమ్మిదవ తరగతి బాలికలకు ప్రభుత్వము సైకిళ్లు ఇచ్చినది. సైకిలుపై బడికి పోవు బాలికలకు చీలమండ వద్ద బిగువుగా నుండు చుడీదారు మేలైనది. చున్నీని, శాలువను వెనుకకు వ్రేలాడనీయక నడుమునకు కట్టుకొనవలెను. వెనుక చక్రమునకు వలకప్పు ఉన్నదో లేదో తల్లిదండ్రులు చూడవలెను.

మంచు కమ్మిన వేళ నల్లని దుస్తులు వాహన చోదకులకు కనబడవు. కాలి పట్టీపై వెలుగును ప్రతిఫలింపజేయు అంటుడుపట్టీని కుట్టించినచో, పాదముతో పాటు పైకిని క్రిందికిని కదలు ఆ వెలుగును చూచి అది సైకిలని చోదకుడు దూరమునుండియే గుర్తించును. నిలుకడగా నున్న వెలుగుకంటె కదలు వెలుగు త్వరగా కంటబడును.

చలిమంట వద్ద జాగ్రత్త

గమ్యము చేరిన పిమ్మట చలిమంట వద్ద కాళ్లు కాచుకొనుట మనవారి అలవాటు. పాలియెస్టరు, నైలాను, ఆక్రిలికు దుస్తులు నిప్పు తగిలినచో కరగి చర్మమునకు అంటుకొని లోతైన గాయము చేయును. ఉన్ని త్వరగా అంటుకొనదు. స్వెట్టరు ఉన్నిదని అమ్మబడినను పెక్కుమారులు అది ఆక్రిలికే. చీటీని చదివి కొనవలెను. మధుమేహము గలవారికి పాదములలో స్పర్శ తగ్గియుండుటచే కాలినను తెలియదు. అట్టివారు మంటకు దూరముగా నుండి, మేజోళ్లతోనే కాళ్లు వెచ్చబరచుకొనుట క్షేమము.

పంచాయతీ చేయదగిన పనులు

పంచాయతీ సభ్యులు ఈ విషయమున చేయదగిన పనులు కొన్ని కలవు. మొదటిది, వేకువనే పనికివచ్చు పారిశుధ్య కార్మికులకును నీటి సరఫరా చూచువారికిని చలిబట్టలను గూర్చి కార్తీకమునకు ముందే సమావేశమున చర్చించుట. బట్టలిచ్చునప్పుడు అందరికి ఒకే కొలతవి గాక ఎవరి కొలతకు తగినవి వారికి ఈయవలెను. కొలత తప్పిన ప్యాంటు పెట్టెలో పడియుండునేగాని కాలికి ఎక్కదు. రెండవది, మోకాలి తొడుగులు, కాలి పట్టీలు కుట్టు పనిని గ్రామమందలి స్వయం సహాయక సంఘముల స్త్రీలకు అప్పగించుట. దీనికి కావలసినది కుట్టుయంత్రము, పాత ఉన్ని, కొలతల పట్టిక మాత్రమే. మూడవది, ప్రధానోపాధ్యాయులతో మాటాడి చలి దినములందు బాలికలు యూనిఫారము క్రింద లెగ్గింగు తొడుగుకొనుటకు అభ్యంతరము లేకుండ చేయుట. నాలుగవది, దిగుడు బాటలందలి గుంతలను పూడ్పించి, మలుపుల వద్ద వీధిదీపములు తెల్లవారువరకు వెలుగునట్లు చూచుట. కాళ్లు ఎంత వెచ్చగానున్నను చీకటిలో గుంత కనబడదు గదా!

వీనిలో పెక్కింటికి పెద్ద మొత్తములు అవసరము లేదు. వీధిలోని వారు ఏ వేళకు, ఏ బట్టతో, ఏ బాటను పోవుచున్నారో తెలిసిన సభ్యుడు ఒకడు చాలును. మీ వార్డులో తెల్లవారకముందే సైకిలు నెక్కువారెందరో ఈ వారమే లెక్కించి, రాబోవు సమావేశమున ఆ పట్టికను అందరి ముందుంచుడు.