శకునాల చెప్పే శకునం

మన సీమలో ఏ వింత జరిగినా పెద్దవాళ్ళు "బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు" అంటారు. బనగానపల్లెలో కాలజ్ఞానం చెప్పి, కందిమల్లాయపల్లెలో సమాధి అయిన పోతులూరి వీరబ్రహ్మంగారు అటు కర్నూలుకు, ఇటు కడపకు కూడా స్వంతమే. కనుక జోస్యమంటే మనవారికి కొత్తకాదు.

అయితే ఈనాడు మధ్యతరగతి ఇళ్ళలో భోజనాల దగ్గర వినబడే ప్రశ్న వేరు. "రాబోయే పాతికేళ్ళలో సైన్సులోను, యంత్రాలలోను, వ్యాపారంలోను ఏ దేశం ముందుంటుంది? అబ్బాయిని ఎక్కడికి పంపుదాం? అమ్మాయి చేత ఏమి చదివిద్దాం?" పొలం అమ్మో, అప్పు చేసో లక్షలు కట్టే తండ్రికి ఇది కాలక్షేపపు ప్రశ్న కాదు. 2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించిన రోజున అటువంటి ఇళ్ళలో ఎంత కలవరం పుట్టిందో వేరే చెప్పనక్కరలేదు.

తప్పిన జోస్యాలు

ముందు పండితుల సంగతి చూద్దాం. 1957లో రష్యా స్పుత్నిక్‌ను ఆకాశంలోకి పంపగానే, రేపటి లోకం రష్యాదేనని చాలామంది అనుకున్నారు. అమెరికా కాలేజీ పిల్లలు చదివే పాల్ శామ్యూల్సన్ అర్థశాస్త్ర గ్రంథం కూడా, సోవియట్ జాతీయాదాయం 1984 నాటికో, కాకుంటే 1997 నాటికో అమెరికాను దాటవచ్చునని 1961 ముద్రణలో సూచించింది. 1991లో సోవియట్ యూనియనే లేకుండా పోయింది.

తరువాత జపాను వంతు వచ్చింది. 1989 చివర టోక్యో షేర్ల సూచీ శిఖరానికి ఎక్కింది. ఇక జపానుకు తిరుగులేదన్నారు. ఆ సూచీ మళ్ళీ ఆ ఎత్తును దాటడానికి 2024 ఫిబ్రవరి రావలసి వచ్చింది!

అంత దూరం ఎందుకు? మన కె.సి. కాలువనే తీసుకోండి. 1858లో ఇంగ్లండులో ఏర్పడిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ, తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి, కర్నూలు నుంచి కడపకు కాలువ తవ్వించింది. రైతులు ఎగబడి నీళ్ళు కొంటారనీ, పడవల మీద సరుకులు నడుస్తాయనీ, వాటాదారులకు లాభాలు వస్తాయనీ వారి లెక్క. కాని నల్లరేగడిలో వానను నమ్మి జొన్న వేసుకునే రైతు డబ్బిచ్చి నీళ్ళు కొనడానికి వాళ్ళనుకున్నట్లు ముందుకు రాలేదు. చివరకు 1882లో ప్రభుత్వమే కాలువను కొనుక్కున్నది. ఈనాడు అదే కాలువ కింద వరి పండుతున్నది. ఆ దొరలు నీటి విలువను సరిగానే ఊహించారు. ఆ నీటిని వాడవలసిన మనిషిని మాత్రం ఊహించలేకపోయారు.

నేల కింది సిరి

"మంచి గనులున్న దేశమే పైకి వస్తుంది" అనేవారు కొందరున్నారు. అదే నిజమైతే మన సీమ ఏనాడో లోకాన్ని ఏలవలసింది. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో బ్రెజిల్‌లో వజ్రాలు దొరికేదాకా, ప్రపంచానికి వజ్రాలిచ్చింది దాదాపు మన దేశమొక్కటే. ఇప్పటికీ తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి పొలాలలో జనం నేలచూపులు చూస్తూ వజ్రాల కోసం వెతుకుతారు. కాని ఈనాడు లోకంలోని వజ్రాలలో అత్యధిక భాగానికి సానబట్టేది సూరత్ నగరం. అక్కడ గనీ లేదు, గుట్టా లేదు. ఉన్నదల్లా చేతిపని.

పాత కడప జిల్లాలోని మంగంపేట ముగ్గురాయి నిక్షేపం ప్రపంచంలోని పెద్ద నిక్షేపాలలో ఒకటి. పేరుకు ముగ్గురాయే గాని, దాని పని వాకిట్లో కాదు. బెరైటీస్ అనే ఈ బరువైన రాతిపొడిని బురదలో కలిపి చమురు బావులలోకి పంపుతారు. లోపలి గ్యాసు, చమురు ఒక్కసారిగా పైకి చిమ్మకుండా అది అదిమిపెడుతుంది. రాయి మనది. బావి, యంత్రం, లాభం మరొకరివి.

ఎండ మనది, పలక ఎవరిది?

ఓర్వకల్లు ప్రాంతంలో రెండు ఊళ్ళున్నాయి. ఒకదాని పేరు గని, రెండవదాని పేరు శకునాల. ఈ ఊళ్ళ పొలాలలోనే 2017లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు తయారైంది. ఒకేచోట అంత విద్యుత్తు తీసే పార్కు అప్పటికి ప్రపంచంలోనే పెద్దదన్నారు. మనల్ని తరతరాలుగా మాడ్చిన ఎండ మొదటిసారి మనకు పనిచేసింది. సంతోషించవలసిందే. కాని ఆ రోజులలో మన దేశంలో పరిచిన సోలార్ పలకల్లో ఎక్కువ భాగం చైనా నుంచి దిగుమతి అయినవే.

ఈ పలక కథ వింటే, దేశాల నాయకత్వం ఎలా చేతులు మారుతుందో బోధపడుతుంది. పనికివచ్చే సిలికాన్ సోలార్ పలకను 1954లో అమెరికాలోని బెల్ పరిశోధనశాలవారు చేశారు. కొన్ని దశాబ్దాలకు దాని తయారీలో జపాను ముందుకు వచ్చింది. 2000లో జర్మనీ సోలార్ కరెంటుకు స్థిరమైన ధర ఇచ్చే చట్టం చేసి, పెద్ద గిరాకీ సృష్టించింది. ఆ తరువాత చైనా అందుకున్నది. 2022 నాటి అంతర్జాతీయ ఇంధన సంస్థ నివేదిక ప్రకారం, పలక తయారీలోని ప్రతి దశలోను చైనా వాటా నూటికి ఎనభై దాటింది.

చైనాకు ఈ విద్య ఎలా పట్టుబడింది? షీ జెంగ్రాంగ్ అనే చైనా యువకుడు ఆస్ట్రేలియాలో మార్టిన్ గ్రీన్ అనే ఆచార్యుని దగ్గర సోలార్ విద్య నేర్చి, 2001లో స్వదేశంలో సన్‌టెక్ కంపెనీ పెట్టాడు. 2013లో అది దివాలా తీసింది. కాని అప్పటికే ఆ పని వేలమంది చేతులకు అబ్బింది. కంపెనీ పోయినా విద్య పోలేదు.

ఇంతకూ జోస్యమేమిటి?

వచ్చే పాతికేళ్ళలో అమెరికా, చైనా రెండూ ముందు వరసలోనే ఉంటాయని నా ఊహ. అయితే ఏ ఒక్క దేశమూ ఒంటరిగా ఏలదు. కంప్యూటర్ చిప్పునే చూడండి: గీత గీసేది ఎక్కువగా అమెరికా, మేలైనవాటిని తయారుచేసేది తైవాన్, అందుకు కావలసిన అతి సూక్ష్మమైన యంత్రాన్ని చేయగలిగింది నెదర్లాండ్స్‌లోని ఒకే ఒక్క కంపెనీ. చిన్న దేశమైనా, ఎవరికీ రాని పని ఒకటి చేతిలో ఉంటే, పెద్ద దేశాలు దాని వాకిట్లో నిలబడతాయి.

మరి మనం? 2022 నుంచి దిగుమతి పలకల మీద సుంకం పడింది. పలకలు కూర్చే ఫ్యాక్టరీలు దేశంలో త్వరత్వరగా పెరిగాయి. కాని లోపలి సిలికాన్ పొరను మనమే చేసుకోవడంలో ఇంకా వెనుకబడే ఉన్నాం. కూర్చడం నేర్చాం, చేయడం నేర్వాలి.

ఇడుపులపాయలో 2008 నుంచీ, కర్నూలులో 2015 నుంచీ ఇంజనీరింగ్ విద్యాలయాలున్నాయి. పల్లె బడులలో చదివిన పిల్లలెందరో ఇడుపులపాయకు వస్తున్నారు. అందుచేత తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. పిల్లవాణ్ణి ఏ దేశం పంపాలా అని గ్రహాలు లెక్కించకండి. పదేళ్ళలో దేశాల జాతకాలు తారుమారవుతాయి. వాడి చేతికి ఏ విద్య అబ్బుతుందో చూడండి. ఆ విద్యతో తిరిగి వస్తే ఇక్కడ వాడికి పని ఉంటుందా అని ప్రభుత్వాన్ని అడగండి.

గనిని నమ్ముకుంటే ఏమవుతుందో మూడు శతాబ్దాలుగా చూశాం. ఇక పక్కనున్న శకునాల మాట వినవలసి ఉన్నది. ఎండ అందరికీ కాస్తుంది. పలక చేయడం వచ్చినవాడికే అది సిరి.