వాయించేదెవరు?

కర్నూలు, కడప జిల్లాల్లో భజన గుడి లేని ఊరు అరుదు. పద్యనాటకం మీద మోజు లేని ఊరూ అరుదే. మంచి హార్మోనియం పెట్టె ఉన్న ఊర్లు మాత్రం ఎప్పుడూ తక్కువే. అందుకే శ్రీరామనవమి వచ్చినా, శివరాత్రి జాగరణ వచ్చినా, ఊరి దేవర జరిగినా వాద్యాలు ఊర్లు తిరిగేవి. ఒక ఊరి పెట్టె ఇంకో ఊరి రచ్చకట్ట మీద పలికేది. ఒక గుడి తాళాలు ఇంకో గుడి భజనలో మోగేవి. నా చిన్నతనంలో మా వైపు ఇది మామూలు సంగతి. అడగడానికి వచ్చినాయన “అన్నా, పెట్టె ఇయ్యి, ఎల్లుండి పొద్దున్నే తెచ్చిస్తా” అనేవాడు. ఇచ్చేవాడు లేదనేవాడు కాదు. అట్లని వెంటనే లోపలికి పోయి తెచ్చేవాడూ కాదు. “తెస్తావులేప్పా, దానికేం. వాయించేదెవరు?” అని అడిగేవాడు.

అడిగినవాడు పక్కూరి పెద్దమనిషే కావచ్చు, పదెకరాల ఆసామే కావచ్చు. ఆ ప్రశ్న తప్పేది కాదు. మనిషి మంచివాడైతే పెట్టె తిరిగి వస్తుంది. కానీ ఎట్లా తిరిగి వస్తుందన్నది మంచితనం మీద ఆధారపడదు, చేతి మీద ఆధారపడుతుంది. ఎంత నిజాయితీపరుడికైనా వాద్యం తీరు తెలియకపోతే ఒక్క రాత్రిలో పాడుచేసి, మరుసటి రోజు చెప్పిన వేళకే తెచ్చి ఇస్తాడు. మా వైపు వాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. అప్పు ఇచ్చేటప్పుడు మనిషిని చూసేవాళ్ళు, వాద్యం ఇచ్చేటప్పుడు చెయ్యి చూసేవాళ్ళు.

హార్మోనియం చూడటానికి గట్టి పెట్టె. లోపలంతా సున్నితమే. తిత్తిని రోషంగా లాగి గాలి నింపితే రీడ్లు అరుస్తాయి, కొన్నాళ్ళకు శ్రుతి తప్పుతాయి. మెట్ల మీద వేళ్ళతో బాదితే కింద స్ప్రింగులు వదులవుతాయి. వాయించడం అయిపోయాక తిత్తి మూసి కొక్కెం పెట్టకుండా ఎత్తితే మడతలు నలుగుతాయి. గుడిలో నేల మీద వదిలేసి పోతే ఎలుకలు తోలు కొరుకుతాయి. పాత జర్మన్ రీడ్ల పెట్టె అయితే యజమానికి ప్రాణంతో సమానం. అందులో ఒక్క రీడు విరిగినా మళ్ళీ అలాంటిది దొరకదు. గుజరాత్‌లోని పాలితానాలో మంచి రీడ్లే చేస్తారు, అవి తెప్పించి వేయించవచ్చు. కొత్త రీడు పలుకుతుంది, కానీ పక్కనున్న పాత రీడ్లతో దాని గొంతు కలవడం కష్టం. వినేవాళ్ళకు తెలియకపోవచ్చు, యజమానికి మాత్రం ప్రతిరోజూ తెలుస్తుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని తన స్టూడియోల్లోంచి వెళ్ళగొట్టింది. మన సంగీతంలోని గమకాలు దాని మెట్ల మీద పలకవన్నది అభ్యంతరం. 1971 దాకా ఆ కట్టడి సడలలేదు. కడపలో రేడియో కేంద్రం 1963లో వచ్చింది. అంటే కడప కేంద్రానికి మొదటి ఎనిమిదేళ్ళు ఆ పెట్టెతో పొత్తు లేదు. అదే కాలంలో చుట్టూ ఉన్న పల్లెల వాళ్ళు దానికోసం బండి కట్టుకొని పక్కూరికి పోయేవాళ్ళు. రేడియో పెద్దలు చెప్పిన అభ్యంతరంలో నిజం ఉంది. అయినా వానలు తక్కువైన రాయలసీమలో, రాత్రి పది మంది గొంతులు కలిపి నిలబెట్టే వాద్యం అంత చౌకగా ఇంకొకటి లేదు. దానికి ఆ గౌరవం దక్కాల్సిందే.

వాద్యాన్ని ఎవరి చేతిలో పెట్టాలనే చిక్కు సురభి వాళ్ళకు రాలేదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్ళి సందర్భంగా కీచకవధ ఆడటంతో మొదలైన నాటక సమాజం అది. వనారస గోవిందరావు దాన్ని నిలబెట్టాడు. తోలుబొమ్మలాడించే కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళు కాబట్టి వాళ్ళకు కంపెనీ అన్నా కుటుంబమన్నా ఒకటే. వేషం కట్టేది కోడలు, తెర తాడు పట్టుకునేది బావమరిది, హార్మోనియం ముందు కూర్చునేది పెదనాయన. పిల్లలు ఆ వాద్యాల మధ్యే పుట్టి, వాటి మధ్యే పెరిగేవాళ్ళు. ఎవరి చెయ్యి ఎంతటిదో అందరికీ తెలుసు. ఇంట్లో వస్తువు ఇంట్లోనే తిరిగేటప్పుడు ఇవ్వడం, తీసుకోవడం అనే మాటే పుట్టదు.

మిగతా ఊర్లకు ఆ వీలు లేదు. వాళ్ళకు ఒద్దికలే, అంటే నాటకం రిహార్సల్సే, దిక్కు.

ఊర్లో కుర్రవాళ్ళు నాటకం ఆడాలనుకుంటే ముందు ఒక హార్మోనిస్టును కుదుర్చుకునేవాళ్ళు. ఆయనే గురువు. తన పెట్టెతో పాటు వచ్చి, వారాల తరబడి ఊర్లోనే ఉండి నాటకం నేర్పేవాడు. భోజనం రోజుకొక ఇంట్లో. పగలంతా పొలం పని చేసినవాళ్ళు రాత్రి అన్నం తిని వచ్చి పద్యం ఎత్తుకునేవాళ్ళు. ఒకడికి ఐదు శ్రుతి, ఇంకొకడికి ఆరు. ఒకడు తాళం తప్పుతాడు, ఇంకొకడు రాగం దాటి పోతాడు. ఆ రాత్రుల్లో ఆయనకు ఊరంతా తెలిసిపోయేది. ఎవడు పద్యం చదివేటప్పుడు ఊగి ఊగి పెట్టె మీద చెయ్యి వేస్తాడో, ఎవడు అడగకుండానే తిత్తి మూసి కొక్కెం పెడతాడో, ఎవడు పెట్టె పక్కన బీడీ వెలిగిస్తాడో ఆయన చూస్తూనే ఉండేవాడు. ఏదైనా పని మీద ఊరికి పోవాల్సి వస్తే పెట్టె ఎవరింట్లో పెట్టి పోవాలో ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు. చాలాసార్లు ఆ ఇల్లు ఊర్లో అందరికంటే పేద ఇల్లు అయ్యేది. అందుకు ఎవరూ ఆశ్చర్యపోయేవాళ్ళు కాదు.

ఒక్కొక్క వాద్యానికి ఒక్కొక్క మర్యాద. మృదంగం ఎడమ వైపు తడిపిన బొంబాయి రవ్వ ముద్ద పెట్టి వాయిస్తారు. కచేరీ అయిన వెంటనే ఆ రవ్వను మెత్తగా తీసేయాలి. అట్లాగే వదిలేస్తే ఎండి బిగిసిపోతుంది, తర్వాత గీకేటప్పుడు తోలు చిరుగుతుంది. అడిగి తీసుకుపోయిన మృదంగం రవ్వ అంటుకొని వెనక్కి వచ్చిందంటే తీసుకుపోయినవాడి విద్య ఎంతో తెలిసిపోతుంది, ఇంకేమీ అడగనక్కరలేదు. డప్పును మంట దగ్గర కాచి శ్రుతికి తెస్తారు. ఎంత దూరంలో పట్టాలి, ఎప్పుడు తీయాలి అన్నది చేతికి తెలియాలి. ఒక్క నిమిషం మరిస్తే తోలు మాడుతుంది. నాగస్వరం విషయం మరీ ప్రత్యేకం. మా వైపు మేళం వాయించేవాళ్ళలో దూదేకుల ముస్లిం కుటుంబాలు చాలా ఉన్నాయి. గుడిలో దేవుడి కల్యాణానికి వాయించేదీ వాళ్ళే. నాగస్వరం తోటివాడికి ఇస్తారేమో గానీ నోట్లో పెట్టుకునే పీకను ఎవరూ ఇవ్వరు, ఎవరూ అడగరు. అన్నదమ్ములైనా సరే ఎవరి పీకలు వాళ్ళవే. అడగకూడనివి కొన్ని ఉంటాయని తెలిసినవాడికే అడిగినప్పుడు దొరుకుతుంది.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి కర్నూలు మునిగిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. బియ్యం, బట్టలు, పుస్తకాలు, సర్టిఫికెట్లు పోయినట్టే వాద్యాలూ పోయాయి. బురదనీళ్ళలో నానిన తోలు సాగిపోతుంది, కొయ్య ఉబ్బుతుంది, రీడ్లకు చిలుము పడుతుంది. మాకు తెలిసిన ఒక భజన బృందానికి తాళాలు తప్ప ఏమీ మిగలలేదు. తాళాలు కంచువి కాబట్టి కడుక్కుంటే సరిపోయింది. నదికి దూరంగా ఉన్న ఒక పల్లె వాళ్ళు తమ పెట్టెను, తబలాను ఆ బృందం చేతిలో పెట్టి, మీకు కుదిరినప్పుడే తెచ్చివ్వండి అన్నారు. గడువు పెట్టలేదు. అప్పుడు వాయించేదెవరని అడగలేదు కూడా. ఏళ్ళ తరబడి శనివారాలు కలిసి భజన చేసినవాళ్ళు వాళ్ళు. అడగాల్సిన అవసరం అప్పటికే తీరిపోయింది.

ఇప్పుడు మన సంగతికి వస్తాను.

మనం సముద్రాలు దాటి అమెరికాకు వచ్చేటప్పుడు వాద్యాలూ తెచ్చుకున్నాం. పిల్లలకు నేర్పించాలని బొబ్బిలి వీణ తెప్పించినవాళ్ళున్నారు. మృదంగాలు, తబలాలు, వయొలిన్లు, కీబోర్డులు సరే సరి. మన దేశం నుంచి కళాకారులు వచ్చినప్పుడు వాళ్ళలో చాలామంది పెద్ద వాద్యాలు వెంట తెచ్చుకోలేరు. వీణను విమానంలో పంపాలంటే గుండె గుప్పెట్లో పెట్టుకోవాలి. అందుకని ఇక్కడి వాళ్ళింట్లో ఉన్న మృదంగమో, తంబురానో అడుగుతారు. మన ఉగాది, సంక్రాంతి కార్యక్రమాల్లో సగం ఇట్లా అడిగి తెచ్చిన వాద్యాల మీదే నడుస్తాయి. ఇచ్చేవాళ్ళు మంచి మనసుతోనే ఇస్తున్నారు, తీసుకునేవాళ్ళూ మంచివాళ్ళే. అయినా మాటపట్టింపులు వస్తున్నాయి. ఎందుకంటే మనం ఒకరి చెయ్యి ఒకరు చూడకుండా ఇచ్చుకుంటున్నాం. వాట్సాప్‌లో అడుగుతాం, పార్కింగ్ చోట కారు డిక్కీలోంచి డిక్కీలోకి మారుస్తాం. అది వస్తువును చేర్చడం మాత్రమే.

ఒక ఉదాహరణ చెబుతాను. వీణ మెట్లను తేనెమైనం, బొగ్గుపొడి కలిపిన మైనంలో కూర్చుతారు. కడప ఎండకు ఆ మైనం మెత్తబడుతుందని మనవాళ్ళకు తెలుసు. అందుకే వేసవిలో వీణను ఇంట్లో చల్లని గదిలో పెట్టుకునేవాళ్ళు. టెక్సస్ వేసవిలో తలుపులు మూసిన కారులో ఒక్క మధ్యాహ్నం ఉంచితే మెట్లు జారిపోతాయి, మేళం (మెట్ల అమరిక) మళ్ళీ కట్టించాల్సిందే. కట్టేవాళ్ళు ఈ దేశంలో ఎంతమంది దొరుకుతారు? వాయించేవాళ్ళకు చెప్పనక్కరలేని ఈ సంగతి, కారు నడిపే స్వచ్ఛంద సేవకుడికి ఎవరూ చెప్పరు. తప్పు ఆ కుర్రవాడిది కాదు.

మాకు బాగా తెలిసిన ఒక ఇంటి వీణ ఇట్లాగే ఒక పండుగకు పోయి, పై బుర్ర బీటతో వెనక్కి వచ్చింది. ఆ ఇల్లాలు బీటకు బాధపడింది, కానీ అది బతుకులో జరిగేదేనని సర్దుకుంది. ఎవరూ ఆ బీట గురించి ఒక్క మాట చెప్పకుండా, సంచి జిప్పు వేసి గుమ్మంలో పెట్టి వెళ్ళిపోవడం మాత్రం ఆమెకు మింగుడుపడలేదు. ఆ తర్వాత ఆమె ఎవరికీ వీణ ఇవ్వలేదు. నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను: పగిలినదానికి క్షమాపణ ఉంది, దాచినదానికి లేదు. మా పల్లెల్లో పెట్టె తిరిగి ఇచ్చేటప్పుడు యజమాని ఎదురుగా కూర్చొని మంద్రం నుంచి తారస్థాయి దాకా మెట్లన్నీ పలికించి చూపించేవాళ్ళు. “ఈ మెట్టు కొంచెం పట్టేస్తా ఉంది మామా, రాత్రి నుంచే” అని తెచ్చినవాడే ముందు చెప్పేవాడు. బాగుచేయించే ఖర్చు ఎవరిదన్నది ఆ తర్వాతి మాట. చాలాసార్లు చెరి సగం.

ప్రపంచంలో అతి విలువైన వాద్యాలు కూడా చేతులు మారుతూనే ఉన్నాయి. జపాన్‌లోని నిప్పాన్ మ్యూజిక్ ఫౌండేషన్ తన దగ్గరున్న స్ట్రాడివేరియస్ వయొలిన్లను, చెల్లోలను బీరువాలో దాచుకోదు. ఒక సంఘం ఎంచిన వాద్యకారులకు వాటిని వాయించుకోవడానికి ఉచితంగా ఇస్తుంది. మూడు శతాబ్దాల నాటి కొయ్య అది. అయినా ఎంత గొప్ప చేతిలో ఉన్నా ప్రమాదం రాదని కాదు. 1999లో ప్రసిద్ధ చెల్లో విద్వాంసుడు యోయో మా అంతటివాడు 1733లో మొంటాన్యానా అనే పనివాడు చేసిన తన చెల్లోను న్యూయార్కులో టాక్సీ డిక్కీలో మరిచి దిగిపోయాడు. పోలీసులు ఆ రోజే వెతికి తెచ్చి ఇచ్చారు. అట్లా జరిగిందని ఆయన చేతికి ఎవరూ వాద్యం ఇవ్వడం మానలేదు.

నాకు భయమంతా ఇంకొకటి. మన ఇళ్ళల్లో, బేస్‌మెంట్లలో, క్లోజెట్లలో ఎన్నో వాద్యాలు మూలన పడి ఉన్నాయి. పిల్ల కాలేజీకి పోయింది, వీణ అక్కడే ఆగిపోయింది. తాతగారు తెచ్చిన హార్మోనియం తిత్తి తెరిచి ఏళ్ళు గడిచాయి. ఇక్కడి చలికాలం హీటర్ల గాలికి కొయ్య ఎండి పగులుతుంది, తోలు బిగిసి చిట్లుతుంది. అడిగినవారి చేతుల్లో చెడిన వాద్యాలకంటే, ఎవరికీ ఇవ్వకుండా దాచుకొని చెడగొట్టుకున్నవే ఎక్కువని నేను నమ్ముతాను.

అందుకని మన సంఘానికి, ఈ సంచిక చదువుతున్న మీ అందరికీ ఒక విన్నపం. కార్యక్రమానికి ముందురోజు వాద్యాల కోసం ఫోన్లు చేసుకోవడం మానుదాం. నెలకొక ఆదివారం వాద్యాలున్నవాళ్ళు, వాయించేవాళ్ళు ఒకచోట కూర్చుందాం. మా ఊర్లలో ఒద్దికలు చేసినట్టు, వేదికా, ప్రేక్షకులూ లేకుండా, కలిసి వాయించుకుందాం. ఎవరింట్లో ఏ వాద్యం ఉంది, దాని శ్రుతి ఏమిటి, దానికి ఏ జాగ్రత్త కావాలి అన్నది రాసి పెట్టుకుందాం. వెనక్కి ఇచ్చేటప్పుడు గుమ్మంలో పెట్టి పోకుండా, లోపలికి వచ్చి వాయించి చూపించి ఇద్దాం. మీ ఇంట్లో మూలనున్న వాద్యం పేరు ఈ ఉగాది లోపల మన కార్యవర్గానికి చెప్పండి. వచ్చి అడిగినవారిని ఎదురుగా కూర్చోబెట్టి ఒక కీర్తన వాయించమనండి, విన్నాక ఇవ్వండి.