గో కార్టింగుకు పిల్లలతో వెళ్తున్నారా?

సెలవులు వచ్చాయంటే మా ఓ.పి.లో తల్లిదండ్రులు ఈ మధ్య ఒక కొత్త ప్రశ్న అడుగుతున్నారు. "మావాడు గో కార్టింగ్ అంటున్నాడండీ, పంపించవచ్చా?" అని. మేము ఇచ్చే జవాబు ఒక్కటే. పంపించకండి, మీరే వెంట తీసుకువెళ్లండి. ఇది ఒంటరిగా ఆడుకునే ఆట కాదు. ఒకరు నడుపుతుంటే ఇంకొకరు గట్టున నిలబడి చూడవలసిన ఆట.

1956లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ అనే రేసు కార్ల మెకానిక్, గడ్డి కోసే యంత్రపు ఇంజనును నాలుగు చక్రాల ఇనుప చట్రానికి బిగించి మొదటి కార్టును తయారు చేశారు. ఆ తరువాత ఎందరో ఫార్ములా వన్ డ్రైవర్లు కార్టు మీదనే చేయి తిప్పుకున్నారు. జర్మనీలోని కెర్పెన్ కార్టింగ్ ట్రాకులో మైకేల్ షూమాకర్ తండ్రి పనులు చూసుకునేవారు, తల్లి అక్కడి క్యాంటీన్ నడిపేవారు. ఇంటిల్లిపాదీ ఆదివారం ట్రాకు దగ్గరే గడిపే అలవాటు ఈ ఆటకు మొదటినుండీ ఉన్నదే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాము. కార్టు చిన్న కారు అనుకుంటారు చాలామంది. కాదు. దీనికి స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు ఉండవు. నేలకు రెండు మూడు అంగుళాల ఎత్తులో కూర్చుంటాము కనుక రోడ్డు మీది ప్రతి కుదుపూ నేరుగా వెన్నుకు తగులుతుంది. గంటకు నలభై కిలోమీటర్లే వెళ్తున్నా ఎనభైలో వెళ్తున్నట్టు అనిపిస్తుంది. వెనుక చక్రాలు రెండూ ఒకే ఇనుప కడ్డీకి బిగించి ఉంటాయి. ఆ కడ్డీని ఇంజను చెయినుతో తిప్పుతుంది. అది మీ వీపు వెనుకే, జానెడు దూరంలో తిరుగుతూ ఉంటుంది.

ఈ కడ్డీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. దాని మందం మూడు నాలుగు సెంటీమీటర్లు. నలభై కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు పన్నెండు చుట్లకు పైగా తిరుగుతుంది. అంటే సెకనులో మీటరుకు పైగా పొడవును తన చుట్టూ చుట్టేసుకోగలదు. రెండడుగుల జడకు అర సెకను చాలు. కేక వేసే సమయం కూడా ఉండదు. 2018 ఫిబ్రవరిలో హర్యానాలోని పింజోర్‌లో, 2020 అక్టోబరులో హైదరాబాద్ శివారులోని గుర్రంగూడలో ఇలాగే జుట్టు చిక్కుకొని ఇద్దరు యువతులు చనిపోయారు. భయపెట్టడానికి చెప్పడం లేదు. మోటార్ సైకిలు చక్రంలో చున్నీ పడి వచ్చే కేసులు మన ఊళ్లలో అందరికీ తెలిసినవే. కార్టులో ఆ ప్రమాదం ఇంకా దగ్గరగా ఉంటుంది.

కాబట్టి అమ్మాయిలు, అమ్మలు (జుట్టు పెంచుకున్న అబ్బాయిలు కూడా) జడ గట్టిగా అల్లి, పైకి ముడి వేసి, రబ్బరు బ్యాండు పెట్టి, దాని మీద గుడ్డ టోపీ తొడుక్కోవాలి. ఆపైన హెల్మెట్. చివర మిగిలినది చొక్కా లోపలికి దోపుకోవాలి. తరువాత ఇంకొకరు వెనుక నిలబడి చూడాలి. తన వెనుక వేలాడేది తనకు కనబడదు కదా! చీర, చున్నీ, లుంగీ వద్దు. గొలుసులు తీసి ఇంట్లో పెట్టి రండి. బూట్ల తాళ్లు లోపలికి దోపుకోవాలి. గుడ్డ టోపీ వల్ల ఇంకో లాభం ఉంది. పదిమంది పెట్టుకున్న హెల్మెట్ నుండి పేలు, తామర రాకుండా ఉంటాయి.

హెల్మెట్ ముఖమంతా కప్పేదిగా ఉండాలి. పట్టీ బిగించి తల అటూ ఇటూ ఊపి చూడండి. హెల్మెట్ తిరిగి తల తిరగకపోతే అది పెద్దది. వేరేది అడగండి. ఇవ్వకపోతే డబ్బు వెనక్కు తీసుకొని వచ్చేయండి. పిల్లవాడి పాదాలు పెడళ్లకు పూర్తిగా అందకపోయినా ఇదే మాట.

ఎడమ కాలు బ్రేకు, కుడి కాలు యాక్సిలరేటర్. కారు నడిపే నాన్నలే ఇక్కడ ఎక్కువ తడబడతారు, కుడి కాలితోనే బ్రేకు వెతుక్కుంటారు. మాలో ఒకరు అలాగే వెళ్లి టైర్ల గోడను గుద్ది, రెండు వారాలు దగ్గలేక బాధపడ్డారు. సీటు అంచు తగిలి పక్కటెముకలు కమిలిపోవడం ఈ ఆటలో మామూలు. సీటు వదులుగా ఉంటే పక్కన దిండు అడగాలి. పసుపు జెండా చూపితే వేగం తగ్గించాలి, ఎవరినీ దాటకూడదు. ఎర్ర జెండా అంటే ఆగిపోవాలి. కార్టు మధ్యలో ఆగిపోతే దిగకండి, చేయి పైకెత్తి కూర్చోండి. సీటు బెల్టు ఉంటే తప్పక పెట్టుకోండి. రేసు కార్టుల్లో అది ఉండదు, బోల్తా పడితే మనిషి బయటికి పడిపోవాలని అలా చేస్తారు.

గర్భిణులు, మూర్ఛ, గుండె జబ్బు ఉన్నవారు, మెడ లేక నడుము డిస్కు నొప్పి ఉన్నవారు, ఈ మధ్య ఆపరేషను అయినవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు గట్టున కూర్చొని చప్పట్లు కొట్టండి. ఇన్సులిన్ వాడేవారు తిని, షుగరు చూసుకొని వెళ్లాలి. ఏప్రిల్, మే నెలల్లో అయితే ఉదయమో సాయంత్రమో వెళ్లండి, నీళ్లు తాగుతూ ఉండండి.

జుట్టు చిక్కుకుంటే లాగకండి. ముందు ఇంజను ఆపించండి, తరువాత జుట్టు కత్తిరించండి. మెడ కదల్చకుండా 108కి ఫోను చేయండి. తలచర్మం ఊడితే రక్తం కారేచోట శుభ్రమైన గుడ్డతో అదమండి. ఊడిన చర్మాన్ని తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని ఐసు ఉన్న ఇంకో సంచిలో పెట్టి తీసుకురండి. ఐసు మీద నేరుగా పెడితే అది తిరిగి అతికించడానికి పనికిరాదు. తలకు దెబ్బ తగిలాక వాంతి, మగత, తికమక మాటలు ఉంటే వెంటనే ఆసుపత్రికి రావాలి. కాసేపటికి బాగానే ఉన్నా ఆ రోజు మళ్లీ కార్టు ఎక్కనివ్వకండి.

ఐదారుసార్లు అద్దె కార్టు నడిపాక కూడా పిల్లలకు ఇష్టం తగ్గకపోతే అప్పుడు శిక్షణ గురించి ఆలోచించవచ్చు. పోటీలకు ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా ఇచ్చే లైసెన్సు కావాలి. వయసును బట్టి తరగతులు ఉంటాయి. సొంత కార్టు తొందరపడి కొనకండి. కొన్న డబ్బు కన్నా టైర్లకు, ఇంజను మరమ్మతుకు అయ్యేదే ఎక్కువ కావచ్చు. పాతది కొంటే చట్రం అతుకుల దగ్గర పగుళ్లు ఉన్నాయేమో తెలిసిన మెకానిక్‌తో చూపించండి. చెయిను మీద, ఇరుసు మీద కవరు లేకపోతే అది వేయించేవరకు పిల్లలను కూర్చోనివ్వకండి. ఇంజను వేడి చల్లారాకే పెట్రోలు పోయండి.