వానకు ముందే వైపర్ల తనిఖీ

కోల్‌కతాకు దిగువన, హుగ్లీ నది తూర్పు గట్టున ఉన్న బడ్జ్ బడ్జ్ చమురు నిల్వ కేంద్రాలకు ప్రసిద్ధి. ట్యాంకర్లు తిరిగే దారుల్లో జోరువాన కురిసే రాత్రివేళ కారు నడిపేవారికి వైపర్లే ఆధారం. నైరుతి రుతుపవనాలు సాధారణంగా జూన్ రెండో వారంలో ఇక్కడికి చేరుకుంటాయి. అయితే వైపర్ రబ్బరును ఎక్కువగా దెబ్బతీసేది వాన కాదు, అంతకుముందు నెలల తరబడి కాసిన ఎండ. అందువల్ల తనిఖీ మే నెలలోనే జరగాలి.

అద్దంపై నీటి చారలు మిగిలినా, కీచుమని శబ్దం వచ్చినా ముందుగా అద్దాన్ని, రబ్బరు అంచును సబ్బునీటితో శుభ్రపరచాలి. వాహనాల పొగ వల్ల అద్దంపై జిడ్డు పొర పేరుకుంటే కొత్త బ్లేడు సైతం సరిగా తుడవదు. కిరోసిన్, డీజిల్ వాడరాదు. వాటివల్ల రబ్బరు ఉబ్బి పాడవుతుంది. శుభ్రపరిచినా చారలు పోకుంటే బ్లేడు మార్చక తప్పదు. సాధారణంగా దాని ఆయుష్షు 6 నుంచి 12 నెలలు.

అనేక కార్లలో రెండు బ్లేడ్ల పొడవు ఒకటి కాదు. కారుతో ఇచ్చిన పుస్తకంలోని కొలత చూసి కొనాలి. మార్చేటప్పుడు అద్దంపై మందపాటి గుడ్డ పరచాలి. స్ప్రింగు బిగువుకు వైపర్ చేయి విసురుగా పడితే అద్దం పగలవచ్చు. పొడి అద్దంపై వైపర్ తిప్పితే ఇసుక రేణువులు గీతలు పెడతాయి. ముందు నీరు చిమ్మాలి.